తోక చేయని తప్పు



గాలిలో ఎగిరి నీటిమీద దిగే విమానాన్ని మీరు చూశారా? 2024 నవంబరు 9న విజయవాడలో కృష్ణానదిమీది నుంచి అటువంటి విమానం ఒకటి లేచి, శ్రీశైలం జలాశయంలో దిగింది. దాని అడుగున పొడుగాటి పడవల వంటివి రెండున్నాయి. వాటిని ఫ్లోట్లంటారు. ఆ బొమ్మ పత్రికలో చూడగానే నాకు మా డిచ్‌పల్లి, మా తమ్ముడు, వాడికి నేను చేసిన అన్యాయం జ్ఞాపకం వచ్చాయి.

చిన్నప్పుడు నేను జొన్నబెండుతోనూ అట్టముక్కలతోనూ ఒక విమానం చేశాను. రామాలయం కోనేటి మెట్లమీద నిలబడి విసిరితే అది బాణంలా సూటిగా పోయేది. కాని నీటిమీద పడగానే అట్ట నానిపోయేది. అందుకని దాని అడుగున బెండుతో రెండు పడవలు చేసి కట్టాను. అవి ముక్కును దాటి ముందుకు వచ్చాయి. ముక్కు బరువెక్కకుండా తోకకు కాస్త మైనం కూడా అంటించాను.

మర్నాడు విసిరాను. విమానం నాలుగు మూరలు పోయిందో లేదో, ముక్కు పక్కకు తిప్పి, ఒరిగి, నీళ్ళలో పడింది. మళ్ళీ విసిరినా అంతే! ముందటి రాత్రి తమ్ముడు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకున్నాడు.

"తోక వంచింది నువ్వే!" అంటూ వాడి వీపుమీద ఒకటి వేశాను.

"నేను వంచలేదన్నా!" అని ఏడుస్తూ వాడు ఇంటికి పోయాడు.

అంతలో మా లెక్కల సారు అటుగా వచ్చారు. తోకను పరీక్షగా చూసి, "ఇది వంగలేదురా. నిన్నటికీ ఇవాళ్టికీ దీనిలో ఏం మారింది?" అని అడిగారు.

"పడవలు కట్టాను, సార్."

"మరి తమ్ముణ్ణెందుకు కొట్టావు?"

నేను తల వంచుకున్నాను.

"బాణం వెనక ఈక ఎందుకు కడతారు?" అన్నారు సారు. "బాణం పక్కకు తిరిగితే, గాలి ఆ ఈకను నెట్టి మళ్ళీ సూటిగా పెడుతుంది. విమానానికి తోకమీది నిలువురెక్క అటువంటిదే. నువ్వు ముందువైపు పడవలు కట్టావు. ముక్కు కాస్త తిరిగితే చాలు, గాలి వాటినీ నెట్టి ఇంకా తిప్పుతున్నది. ఇప్పుడా ఈక చాలటం లేదు."

ఆయన తోక కింద చిన్న అట్టముక్క అతికించారు. విసిరితే విమానం సూటిగా పోయి, హంసలా నీటిమీద వాలింది!

నిజమైన విమానాల సంగతీ ఇంతే. కొన్ని చిన్న విమానాలకు ఫ్లోట్లు కట్టినప్పుడు తోక కింద అదనంగా ఒక రెక్క పెడతారు.

"విమానాన్ని దానంతట అదే నడిపే ఆటోపైలట్ ఉంది గదా, అది సరిదిద్దదా?" అని మీరడగవచ్చు. గిర్రున తిరిగే బొంగరం ఒరగదు గదా! ఆ సూత్రంతోనే లారెన్స్ స్పెర్రీ అనే యువకుడు 1914లో పారిస్ దగ్గర సేన్ నదిమీద, నీటివిమానంలోనే, ఈ యంత్రాన్ని ప్రదర్శించాడు. అతను చేతులు పైకెత్తి కూర్చున్నాడు. అతని సహాయకుడు రెక్కమీదికి నడిచాడు. అయినా విమానం ఒరగలేదు!

కాని చాలా చిన్న విమానాలలో ఈ యంత్రం రెండు పనులే చేస్తుంది: రెక్కలు ఒరగకుండా, ముక్కు పైకీ కిందికీ పోకుండా చూస్తుంది. ముక్కు పక్కకు తిరగకుండా ఆపే చుక్కాని పైలటు పాదాల కిందే ఉంటుంది. దాన్ని తొక్కే మూడో యంత్రం కొన్నింటికే ఉంటుంది. పైలటు ఊరుకుంటే, రెక్కలు సమంగా ఉన్నా విమానం పక్కవాటుగా జారుతుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గాని, అది నడిచిన రోజుల్లో చెరకుబండివాడు కునుకు తీసినా ఎడ్లు దారి తప్పేవి కావు. అయినా బండి గోతివైపు తిరిగితే, పగ్గం లాగవలసింది వాడే! ఈ సంగతి తెలియనివాళ్ళు ఆటోపైలట్ చెడిపోయిందంటారు, నేను తోక వంగిందన్నట్టు.

ఆ సాయంత్రం తమ్ముడి దగ్గరికి వెళ్ళి, "తప్పు నీది కాదురా, నాదే," అన్నాను. వాడు కళ్ళు తుడుచుకుని, "అయితే మొదట నేను విసురుతా," అన్నాడు.

వాడు విసిరిన విమానం నేను విసిరినదానికంటె దూరం పోయింది.