స్కానర్ చెప్పేది సగమే

విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశా పోయే 26వ నంబరు జాతీయ రహదారిని గజపతినగరంలో పెద్దవాళ్లు ఇంకా పాత నంబరుతో నలభైమూడనే అంటారు. ఇక్కణ్ణించి మానాపురం, రామభద్రపురం, సాలూరు దాటితే ఘాట్. పల్లంలో పరిగెత్తిన బండికి ఏ లోపం ఉన్నా ఆ ఎత్తులో బయటపడిపోతుంది. అలాంటి బండ్ల కోసమే అన్నట్టు రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డు ఉంది. ‘ఇంజిన్ స్కానింగ్ చేయబడును’ అని బోర్డు. లోపల గోడకి స్పానర్లు, వాటి కింద బల్ల మీద పలకంత స్కానర్. మేస్త్రి జీపులూ అంబాసిడర్ల కాలంలో పని నేర్చుకున్న మనిషి. ఇప్పుడు ఏ కారు వచ్చినా బానెట్ కంటే ముందు స్కానర్ తీస్తున్నాడు.

నేను వెళ్లేసరికి ఓ తెల్ల డీజిల్ టాక్సీ ఆగి ఉంది. కోరాపుట్ కిరాయికి వెళ్తుంటే ఘాట్లో పుల్లింగ్ పడిపోయిందట. ఇంజిన్ లైటు వెలిగింది, ఎంత తొక్కినా మూడు వేల ఆర్‌పీఎం దాటట్లేదు. విశాఖలో ఓ షోరూమ్‌కి తీసుకెళ్తే టర్బో మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారని డ్రైవర్ గోల.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి కార్లన్నిటికీ తప్పనిసరి చేసిన, లోపాలని కోడ్‌లుగా చెప్పే ఈ ఓబీడీ-2 పద్ధతి మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మేస్త్రి స్కానర్ గుచ్చి తాళం తిప్పాడు. తెర మీద పీ0299 అని పడింది. టర్బో నుంచి అందాల్సినంత గాలి ఒత్తిడి అందట్లేదని దాని అర్థం.

“జొరం అని సెప్పింది బాబూ. మలేరియావో టైఫాయిడో అది సెప్పదు. మనమే ఎతుక్కోవాల” అన్నాడు.

స్కానర్ గుచ్చి ఉండగానే కారు మానాపురం వైపు తీశారు. వెనక సీట్లో నేనూ కూర్చున్నాను. ఇంజిన్ కంప్యూటర్ అడుగుతున్న ఒత్తిడికి తెర మీద ఒక గీత, నిజంగా అందుతున్నదానికి ఇంకో గీత. నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ రెండూ కలిసే నడిచాయి. మూడో గేర్లో గట్టిగా తొక్కగానే ఒకటి పైకి లేచింది, రెండోది కిందే ఉండిపోయింది. షెడ్డుకి వచ్చాక మేస్త్రి కారు కిందకి దూరి, ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు పైపు అడుగున వేలితో తడిమాడు. వేలికి నల్లటి నూనె జిడ్డు అంటుకుంది. అక్కడే గోరంత చీలిక. ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే అది మూసుకునే ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగితే నోరు తెరుస్తుంది. పైపు మార్చి, క్లిప్పు బిగించి, కోడ్ చెరిపేసి మళ్లీ అదే దారిన వెళ్లొచ్చారు. ఈసారి గీతలు విడిపోలేదు. టర్బో జోలికి వెళ్లనే లేదు.

అలాగని మేస్త్రి చేతిలో అన్ని తాళాలూ లేవు. కోడ్‌లో రెండో అక్షరం సున్నా అయితే అది అన్ని కంపెనీలకీ ఉమ్మడి. ఒకటి అయితే చాలావరకు ఆ కంపెనీ సొంతం, బయటి స్కానర్‌కి అర్థం తెలియకపోవచ్చు. చాలా కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో ఇంజెక్టర్ నెత్తిన కొన్ని అంకెలూ అక్షరాలూ చెక్కి ఉంటాయి. కొత్తది బిగిస్తే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఆ పని చౌక స్కానర్లతో అవదు. బిగించడం ఇక్కడ, అంకెలు ఎక్కించుకోవడానికి విజయనగరమో విశాఖో పరుగు. ఈ గొడవ ఢిల్లీ దాకా వెళ్లింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి గ్యారేజీలకి అందనివ్వడం లేదంటూ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. షెడ్డులో స్కానర్ మాత్రం ఇప్పటికీ కొన్ని కోడ్‌ల దగ్గర ఖాళీ తెరే చూపిస్తోంది.

మధ్యాహ్నం బొబ్బిలి నుంచి ఓ కుర్రాడు వచ్చాడు. “అన్నా, రీమ్యాప్ సేయిస్తే పికప్ బాగా వస్తాదట కదా?” అని అడిగాడు. రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని ఫైలు బయటికి తీసి, ఇంధనం ఎంత పొయ్యాలి, టర్బో ఒత్తిడి ఎక్కడ ఆపాలి అనే పట్టికలు మార్చి తిరిగి ఎక్కించడం. మార్చేవాళ్లు పెద్ద నగరాల్లో ఉంటారు, ఫైలు ఇంటర్నెట్‌లో వెళ్లొస్తుంది. ఎక్కించేటప్పుడు బ్యాటరీ దిగిపోతే కంప్యూటరే మూగబోవచ్చు. కల్తీ డీజిల్, ఎండ, ఓవర్‌లోడు తట్టుకోవడానికి కంపెనీ కొంత మిగులు ఉంచుతుంది. రీమ్యాప్ ఆ మిగులునే తినేస్తుంది. భారం క్లచ్ మీదా టర్బో మీదా పడుతుంది.

“పికప్ వస్తాది తమ్ముడూ, క్లచ్ పోతాది. వారంటీ ఉంటే అదీ ఎగిరిపోతాది” అని మేస్త్రి పంపేశాడు.

ఇంతకంటే పెద్ద బేరం లారీలది. సాలూరు లారీలకి పేరున్న ఊరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 భారీ లారీల్లో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లు తగ్గించడానికి యూరియా ద్రావణం పొయ్యాలి. అది అయిపోతే కంప్యూటర్ ఇంజిన్ బలం తగ్గించేస్తుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి యూరియా ఉన్నట్టు కంప్యూటర్‌ని నమ్మించే డబ్బాలు బిగించుకునేవాళ్లున్నారు. పొగ ఫిల్టర్ పీకేసి సాఫ్ట్‌వేర్‌లో దాని ఊసు చెరిపించేవాళ్లూ ఉన్నారు. కంపెనీలు కూడా సత్తెకాలపువేం కావు. పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఒకలా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టి ఫోక్స్‌వ్యాగన్ 2015లో దొరికిపోయింది. ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షల బండ్లు. ఒకరి మోసం ఇంకొకరికి అనుమతి అయిపోదు. నిబంధనలు ఒప్పుకోని మార్పు చేయించిన యజమానికి మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

ఆ షెడ్డు చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే. బండి ఏం చెబుతోందో చదివే హక్కు యజమానికీ, అతను నమ్మిన మేస్త్రికీ పూర్తిగా ఉండాలి. పొగ కట్టడిని తిరగరాసే హక్కు మాత్రం ఎవరికీ ఉండకూడదు, ఎందుకంటే ఆ పొగ పీల్చేది రోడ్డు పక్క ఊళ్లు. మీ బండికి ఇంజిన్ లైటు వెలిగితే, షోరూమ్ అయినా షెడ్డు అయినా ఏ కోడ్ వచ్చిందో ముందు కాగితం మీద రాయించుకోండి. ఆ కోడ్ చూసి ఏమేం పరీక్షించారో అడగండి. ఆ తర్వాతే సామాను మార్చడానికి ఒప్పుకోండి.