గుండెతో ఆటల్ని కొలిచే ఊరు

వెనిస్‌లో రైలెక్కితే అరగంటలో పాదువా. పర్యాటకులు పడవలూ వంతెనలూ చూసి అటునుంచి అటే వెళ్లిపోతారు గానీ, ఇక్కడ ఒక పూట దిగాల్సిందే. ఊళ్లో ప్రాతో దెల్లా వాలె అని పేద్ద మైదానం. నడుమ కోడిగుడ్డు ఆకారంలో కాలువ, దాని గట్ల మీద 78 రాతి విగ్రహాలు. సాయంత్రమైతే చాలు... పరుగులు తీసేవాళ్లు, స్కేటింగ్ చేసేవాళ్లు, సైకిళ్లు తొక్కేవాళ్లు. మన కంటికి అన్నీ ఆటలే. వైద్యులకు మాత్రం ఒక్కోటీ గుండె మీద ఒక్కో రకం బరువు!

శరీరాన్ని కొలవడం ఈ ఊరికి పాత అలవాటే. ఇక్కడి విశ్వవిద్యాలయంలో 1595 నాటి శవపరీక్షశాల ఇంకా చెక్కుచెదరలేదు. బావిలాంటి గుంత చుట్టూ ఆరు వరుసల చెక్క వలయాలు. విద్యార్థులు వాటిలో నిలబడే పాఠం వినేవారు. ఇక్కడే పాఠాలు చెప్పిన శాంటోరియో తక్కెడకు కుర్చీ వేలాడదీసుకుని, తిన్నదీ తాగిందీ విసర్జించిందీ ఏళ్ల తరబడి తూచుకున్నాడు. ఇంట్లోవాళ్లు ఎలా భరించారో!

ఈ ఊరి వైద్యులే హఠాత్తుగా చనిపోయిన కుర్రాళ్ల గుండెల్ని పరిశీలించి, కుడివైపు కండరాన్ని తినేస్తూ కొవ్వు పేరుకునే జబ్బు గురించి 1988లో లోకానికి చెప్పారు. అలాంటివి ముందే పట్టుకునే ఏర్పాటు అప్పటికే ఉంది. ఇటలీలో 1982 నుంచి పోటీల్లో దిగాలంటే వైద్యుడి సర్టిఫికెట్ తప్పనిసరి. అందుకు ఆటల్ని రెండు జాబితాలు చేశారు. గోల్ఫ్ లాంటి తేలికపాటి వాటికి విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసే ఈసీజీ చాలు. ఫుట్‌బాల్ లాంటి వాటికి ఒళ్లు అలిశాక మళ్లీ తీయాలి.

అమెరికా వైద్యుడు జెరె మిచెల్ బృందం పట్టిక ఇంకా వివరమైంది. కాళ్లూ చేతులూ ఆడిస్తూ చేసే శ్రమలో గుండె ఎక్కువ రక్తం తోడాలి. కండరాలు బిగబట్టే శ్రమలో రక్తపోటు ఎగబాకుతుంది. రెండింటికీ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ... మొత్తం తొమ్మిది గళ్లు. బ్యాడ్మింటన్ దూరపు పరుగు పక్కన చేరింది. మన కరణం మల్లీశ్వరి బరువులెత్తడం బిగింపు ఎక్కువ, కదలిక తక్కువ గడిలో ఉంది. పడవ పందెం, సైక్లింగ్, బాక్సింగ్‌లకు రెండూ ఎక్కువే. మరి క్రికెట్? 2005 పట్టికలో బిలియర్డ్స్, గోల్ఫ్ సరసన, అన్నిటికన్నా తేలిక గడిలో! మండుటెండలో ఇరవై ఓవర్లు వేసిన ఫాస్ట్ బౌలర్‌కి ఈ మాట చెప్పి చూడండి. ఆటకొక్క గడి ఇస్తే గోల్‌కీపరూ, మైదానమంతా పరుగెత్తేవాడూ ఒకటే అయిపోతారు. ఈ పద్ధతిలోని లోటు అదే.

పాదువా ఉన్న వెనెటో ప్రాంతంలో 1979-80లో లక్షమంది యువ క్రీడాకారుల్లో ఏడాదికి 3.6 హఠాన్మరణాలు, 2003-04కల్లా 0.4. అయితే ఆ ఘనతంతా పరీక్షలదేనా అన్న వాదన తెగలేదు. ఇలాంటి చట్టమే ఉన్న ఇజ్రాయెల్‌లో మరణాలు తగ్గలేదని 2011లో ఒక అధ్యయనం చెప్పింది. ఇటలీలోనే 2012లో పెస్కారా మైదానంలో కూలి చనిపోయిన పియెర్మారియో మొరోసినికి 25 ఏళ్లే.

అయినా ఇక్కడి క్లబ్బుల్లో పోటీ ఆటలాడే పిల్లలు సర్టిఫికెట్ లేకుండా బరిలో దిగలేరు. చాలా ఆటలకు దాని గడువు ఏడాదే.