మా ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా?

కిందటేడు జూన్‌లో జుట్టు గుప్పెళ్లతో ఊడిపోతోందని డాక్టర్ దగ్గరికెళ్లా. రిపోర్టు చూసి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, 'మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా?'

'అమ్మకి లేదండీ. నాన్నకి బీపీ ఉంది' అని టకటకా చెప్పేశా. బయటికొచ్చి లిఫ్ట్ కోసం నిలబడ్డాక గానీ వెలగలేదు. అమ్మకి థైరాయిడ్ ఉన్నా లేకపోయినా నా రిపోర్టుకి సంబంధం లేదు. నేను వాళ్లకి పుట్టలేదు కదా!

ఈ సంగతి నాకు పన్నెండేళ్లప్పుడే తెలుసు. వేసవి సెలవుల్లో అమ్మానాన్నలే కూర్చోబెట్టి చెప్పారు. బీరువాలోంచి దత్తత పత్రం తీసి చూపించారు. ఆరోజు నేను అడిగింది ఒక్కటే, 'వాళ్లొచ్చి నన్ను తీసుకెళ్లిపోతారా?' 'ఎవరొచ్చినా ఇచ్చేది లేదు' అన్నారు నాన్న. అంతే! పత్రం మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయింది. నేను బీటెక్ అయిపోయి, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరినా ఆ మాట మళ్లీ ఎవరం ఎత్తలేదు.

ఆ రాత్రి ఖమ్మంలో ఉన్న నాన్నకి ఫోన్ చేసి డాక్టర్ ప్రశ్న చెప్పా. రెండు రోజుల తర్వాత ఆయన నుంచి ఒక నంబరు వచ్చింది. కింద 'మీ పెద్దక్క' అని రాశారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక్కగానొక్క కూతురిగా పెరిగినదాన్ని. ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు చదువుకున్నానో!

'హాయ్ అండీ' అని టైప్ చేసి చెరిపేశా. 'నమస్తే' కూడా చెరిపేశా. నలభై నిమిషాలు పట్టింది ఆ మెసేజ్ పంపడానికి. జవాబుగా వాయిస్ నోట్ వచ్చింది. 'ఇన్నాళ్లకి గుర్తొచ్చామా అమ్మలూ' అని. పక్కనే ఉన్న రూమ్మేట్ విని, 'ఇది నువ్వెప్పుడు రికార్డ్ చేశావే?' అంది. నా గొంతే!

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వీడియో కాల్. కోనసీమలో ఒక పల్లెటూరు వాళ్లది. ఇద్దరక్కలు, ఒక తమ్ముడు, ఎనభై దాటిన నానమ్మ, ఇద్దరు మేనత్తలు, వాళ్ల పిల్లలు. పేర్లు కలగాపులగం అయిపోతుంటే ఉద్యోగ ధర్మం పాటించి ఎక్సెల్ షీట్ చేశా. పేరు, వరస, 'ఏమని పిలవాలి' అని మూడు కాలమ్స్. కన్నతల్లి పేరు పక్కన మూడో గడి ఖాళీగా ఉంచేశా. ఫోన్‌లో 'మీరు', 'ఏమండీ' అంటూ నెట్టుకొచ్చా. కన్నతండ్రి పదేళ్ల కిందటే పోయారట. ఆయనది ఒక్క పెళ్లి ఫొటో పంపారు. నా ముక్కు ఎక్కణ్నుంచి వచ్చిందో అందులో ఉంది.

థైరాయిడ్ సంగతీ తేలింది. కన్నతల్లికీ, చిన్నక్కకీ, పెద్ద మేనత్తకీ ఉంది. 'అది మనింటి ఆస్తే' అంది చిన్నక్క. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తత వెళ్లిన రోజు నుంచి పుట్టింటితో బంధాలన్నీ తెగిపోయినట్టే. ఒక మినహాయింపు ఉంది, అక్కడే ఉండి ఉంటే ఎవర్ని పెళ్లి చేసుకోకూడదో, వెళ్లాక కూడా వాళ్లని చేసుకోకూడదు. ఆస్తిలో వాటా అడిగే హక్కు లేదు గానీ, థైరాయిడ్‌లో నా వాటా మాత్రం నాకొచ్చేసింది.

నవ్వుకుంటూనే ఉన్నాం గానీ, ఒక ప్రశ్న గొంతులో అడ్డంగా ఉండిపోయింది. దసరా ముందు ఒక ఆదివారం కన్నతల్లినే అడిగేశా. 'మరి నన్నే ఎందుకిచ్చారు?'

ఆవిడ తుపాను గురించి చెప్పారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని ఊడ్చేసిన తుపాను. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి. వీళ్ల తోటలో చెట్టు మిగల్లేదు. కొబ్బరి మొక్క పెట్టినా కాపుకి రావాలంటే అయిదారేళ్లు. మరుసటేడు మార్చిలో నేను పుట్టా. అప్పుడు అమలాపురంలో ఉద్యోగం చేస్తున్న నాన్నకీ, పిల్లల్లేని అమ్మకీ నాలుగు నెలల పిల్లని ఇచ్చేశారు.

'మరి తమ్ముడు?' అన్నా. వాడు నాకన్నా అయిదేళ్లు చిన్న.

చాలాసేపు మాట్లాడలేదావిడ. కాల్ కట్ అయిందేమో అనుకున్నా. 'అప్పటికి తోట తేరుకుంది. అయినా... మూడోసారీ ఆడపిల్లేనా అని కూడా అనుకున్నాం తల్లీ. నీతో అబద్ధం చెప్పను' అన్నారు.

ఆ వారం ఎవరి ఫోనూ ఎత్తలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. కానీ తుపాను మీదికే మొత్తం తోసేసి ఉంటే, నేను ఎప్పటికీ పూర్తిగా నమ్మి ఉండేదాన్ని కాదు. వారం తర్వాత నేనే కాల్ చేశా.

దసరాకి ఖమ్మం వెళ్లినప్పుడు అమ్మకి చెప్పా, సంక్రాంతికి అందరూ ఊళ్లో కలుస్తున్నారనీ, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేలోగా పిల్లని చూపించమని నానమ్మ పట్టుబట్టిందనీ. 'వెళ్లు, దానికేం' అంది అమ్మ. ఆ రాత్రి పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. నాన్నా నేనూ నోరెత్తకుండా తినేశాం. పడుకునేముందు ధైర్యం చేసి, 'ఆవిణ్ని ఏమని పిలవాలమ్మా?' అన్నా. 'అమ్మా అనే పిలువు. నా సొమ్మేం పోదులే' అని అటు తిరిగి పడుకుంది. అలా అంది కదాని మాత్రం నాకు నోరు రాలేదు.

మొన్న అమ్మే ఫోన్ చేసింది. 'బస్సుకి ఎన్ని టికెట్లు చేశావ్?'

'ఒక్కటే.'

'ఇంకో రెండు చెయ్యి. ఆవిడ చేతుల్లోంచి నా ఒళ్లోకి తీసుకున్నదాన్ని. ఎలా పెంచానో చూపించొద్దూ?'

పండగ రద్దీలో టికెట్లు ఎక్కడ దొరుకుతాయి? నేను చేసింది కూడా క్యాన్సిల్ చేసి, ముగ్గురం నాన్న కారులోనే వెళ్తున్నాం. నానమ్మకొకటీ, ఆవిడకొకటీ చీరలు కొనాలట. ఏ రంగులు కడతారో కనుక్కోమంది అమ్మ. ఆఫీసులో మీటింగ్ మధ్యలో చిన్నక్కకి మెసేజ్ పెట్టేశా.

'నానమ్మకి, అమ్మకి ఏ రంగులు ఇష్టం?'

పంపాక చూసుకున్నా, ఏం రాశానో.