నచ్చజెప్పడం

ఫీజుల పెంపు మీద విద్యార్థులు సమ్మె చేసినప్పుడు యాజమాన్యం నన్ను పిలిచి, "కాస్త నచ్చజెప్పండి మాస్టారూ" అన్నది. వెళ్ళి చెప్పాను. ఒక కుర్రవాడు లేచి, "ఫీజు తగ్గించమని వాళ్ళకు నచ్చజెప్పారా?" అన్నాడు. చెప్పలేదు.

ఆ రాత్రి ఆ మాటే నన్ను పట్టుకున్నది. కూలీలకు నచ్చజెబుతారు. భూములు పోయే రైతులకు నచ్చజెబుతారు. దొరకు మాత్రం విన్నవించుకుంటారు, మొరపెట్టుకుంటారు. తండ్రికి నచ్చజెప్పే బిడ్డలు లేకపోలేదుగాని, ఇల్లు దాటితే ఈ మాట పల్లానికే పారుతుంది. పైగా అందులో నచ్చడమే గాని న్యాయం ప్రసక్తి లేదు.

ఒప్పించడం వేరు. ఒప్పంటే అంగీకారమూ, తప్పు కానిదీ కూడా. (ఠాణాలో నేరం ఒప్పించడమూ ఉన్నదనుకోండి!) ఒప్పించబోయేవాడు తన మాట ఒప్పో కాదో ముందు తేల్చుకోవాలి. నేను తేల్చుకోకుండానే వెళ్ళాను.

మర్నాడు యాజమాన్యాన్ని ఫీజుల లెక్కలు చూపించమన్నాను.