గరాచర్మ నుంచి సఫారీకి

ఆఫ్రికా అనగానే కళ్ళముందు ఎండిన గడ్డి మైదానాలు, వాటి నడుమ సింహాలు, ఏనుగులు, జిరాఫీలు కదలుతాయి. గరాచర్మ అనగానే చాలామంది తెలుగువారికి ఏ దృశ్యమూ తోచదు. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరింపబడి, నేడు శ్రీ విజయపురం అయిన నగరానికి పొలిమేరలో, దక్షిణ అండమాన్ దీవిలో ఉన్న చిన్న పట్టణమది. 1978లో నెలకొల్పబడి, ఇప్పుడు కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థగా పేరొందిన విద్యాక్షేత్రం ఇక్కడే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీప సముదాయంలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడనెక్కి వచ్చిన వారి సంతానం వీరిలో ఎందరో.

ఈ ఊరి ఉపాధ్యాయ కుటుంబమొకటి ఆఫ్రికా యాత్ర తలపెట్టిందనుకుందాం. మొదట తేల్చుకోవలసినది నెల. విల్డెబీస్ట్ అనే అడవి పశువుల మహాసమూహాలు టాంజానియాలోని సెరెంగెటి నుంచి కెన్యాలోని మసాయి మారాకు చేరి ఉండేది సాధారణంగా జూలై, అక్టోబరు నెలల మధ్య. అండమాన్‌లో అది వానకాలం. సముద్రం కల్లోలంగా ఉండే కాలం. కనుక ఇల్లు కదలడానికి అదే అనువైన అదను. రెండవది ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. ఆ పత్రం లేకుండా తిరిగివచ్చిన వారిని మన దేశంలో కొద్దిరోజులు విడిగా ఉంచే అవకాశముంది. 2024 నుంచి కెన్యాకు వీసా బదులు ముందుగా పొందిన ఎలక్ట్రానిక్ అనుమతి చాలు.

ఇంత వ్యయప్రయాసలకు పూనుకునే ముందు పెరటి చెట్టును కూడ ఒకసారి పరికించడం మంచిది. అండమాన్ అడవులలో పులి లేదు, చిరుత లేదు. ఇంటర్వ్యూ దీవిలో తిరిగే ఏనుగులు సైతం, 1960 దశకంలో కలప వ్యాపారం మూతపడినప్పుడు వదలివేయబడిన పెంపుడు ఏనుగుల సంతతే. కాని చిడియా టాపూ చెట్లపై ప్రపంచంలో మరెక్కడా కానరాని పక్షులు కూస్తాయి. 1983లో వండూర్ వద్ద ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ వనంలో పగడపు దిబ్బలు రంగులీనుతాయి. అక్కడి జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను ఒకదాని తర్వాత ఒకటిగా తెరుస్తారు. ఒకటి చూపరులను ఆదరిస్తుంటే మరొకటి విశ్రమిస్తుంది.

అయితే ఈ దీవులు యాత్రికునికి నేర్పే అసలు పాఠం వేరొకటి. ఉత్తరాన జిర్కాటాంగ్ దాటగానే అండమాన్ ట్రంకు రోడ్డు జారవాల అడవిలో ప్రవేశిస్తుంది. కొన్ని వందల సంఖ్యలో మాత్రమే మిగిలిన ఆ ఆదివాసులు 1997 తర్వాతనే బయటివారితో స్నేహంగా మెలగనారంభించారు. వారి మేలుకోరి ఆ రోడ్డును మూసివేయవలసిందిగా 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా రాకపోకలు ఆగలేదు. 2012లో, యాత్రికుల ఎదుట జారవా స్త్రీల చేత నాట్యమాడిస్తున్న చిత్రాలు వెలువడగా లోకం నివ్వెరపోయింది. మనుషులను మృగాలవలె వాహనపు కిటికీలోంచి తిలకించే ఆ వేడుకను ‘మానవ సఫారీ’ అన్నారు. నేడు వాహనాలు నిర్ణీత వేళల్లో, కాపలాతో, బారులు తీరి సాగాలి. నడుమ ఆగడం, ఫొటోలు తీయడం, తినుబండారాలు అందించడం నిషిద్ధం.

స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణమనే అర్థం. వేట కాదు, వింతా కాదు. గరాచర్మ కుటుంబం తన ప్రణాళికలో ఈ అర్థాన్ని కూడ చేర్చుకోవాలి. మారాలో సింహం దగ్గరకు వాహనాన్ని ఇంకొంచెం పోనిమ్మని చోదకుని వేధించరాదు. మసాయిల పల్లెకు వెళితే వారి అనుమతి లేనిదే కెమెరా ఎత్తరాదు. ఎవరికి చెల్లించే రుసుము ఎవరికి చేరుతున్నదో ముందుగా విచారించాలి. ఉత్తర అండమాన్ చూడదలచినవారు సైతం అడవి దారికి బదులు ఓడ దారిని ఎంచుకోవచ్చు. మాయాబందర్, డిగ్లీపూర్‌లకు సముద్రం మీద కూడ వెళ్ళవచ్చును.

ఎక్కడికి పోవాలో, ఏమి చూడాలో పట్టిక వ్రాసుకోవడం సులభం. ఏది చూడకుండా కన్ను మరల్చుకోవాలో కూడ దానిలో వ్రాసుకున్నవాడే పరిపూర్ణుడైన యాత్రికుడు.