స్టార్ట్ కెమెరా... బ్రేక్!

సినిమా వాళ్ళకి కెమెరా అంటే ప్రాణం. షూటింగ్ చూడ్డానికొచ్చిన జనం కూడా ఎలాగోలా అందులో పడాలని మెడలు సాచి నిలబడతారు. కానీ పాఠక మహాశయులారా! కెమెరాలో పడకూడదని ముక్కోటి దేవుళ్ళకూ మొక్కుకునే జాతి కూడా ఒకటుంది. అదే హైదరాబాదు నుంచి విజయవాడకి కార్లు తోలేవాళ్ళ జాతి. ఆ కెమెరాకి మేకప్పు అక్కర్లేదు, లైటింగు అక్కర్లేదు, డైరెక్టరు ‘యాక్షన్’ అననక్కర్లేదు. మీ ప్రమేయం లేకుండానే మీ ఫొటో తీసి, దాని ఖరీదు కూడా మీ దగ్గరే వసూలు చేస్తుంది!

ఆ మధ్య విజయవాడలో ఒక సినిమా ఫంక్షన్‌కి వెళ్ళాల్సొచ్చింది. డిస్ట్రిబ్యూషన్ లైనులో తలపండిన పెద్దాయన ఒకాయన తన కారులో చోటిచ్చారు. ఆయన వెనక సీటు, నేను ముందు సీటు. స్టీరింగ్ దగ్గర యాభై అయిదేళ్ళ డ్రైవరు. గుంటూరు వైపు మనిషి. ఎల్.బి. నగర్ దాటకముందే ఆయన నాకు ‘బాబాయ్’ అయిపోయాడు, నేనాయనకి ‘బాబు’నైపోయాను.

ఈ రోడ్డు సుమారు 270 కిలోమీటర్లు. ఒకప్పుడు దీన్ని 9వ నెంబరు హైవే అనేవాళ్ళం. ఇప్పుడది 65. హయత్‌నగర్ దాటాక పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు వచ్చి కలుస్తుంది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల వలయం అది. 2023 జూలై ఆఖర్లో అక్కడ కార్ల గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. ఆ వలయం దిగి హైవే ఎక్కినవాడి కాలు అంత సులువుగా మాట వినదు. 120 మీద అలవాటుపడ్డ కాలికి 80 అంటే ఎడ్లబండి మీద కూర్చున్నట్టుంటుంది.

మరికాస్త ముందుకెళ్తే రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైన ఆ సినిమా నగరంలో ఎన్ని కెమెరాలు తిరుగుతున్నా మా బాబాయి అటు కన్నెత్తి చూడలేదు. ఆయన చూపంతా రోడ్డు పక్క చెట్ల మీదే!

“ఏమిటి బాబాయ్ వెతుకుతున్నావ్?”

“కెమెరా చెట్టు బాబూ. దాని నీడన బండి పెడతారు.”

అప్పుడర్థమైంది. ఈ రోడ్డుకి మనకి తెలిసిన మ్యాపు ఒకటి, డ్రైవర్లకి తెలిసిన మ్యాపు మరొకటి. మనకి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి. వాళ్ళకి కెమెరా చెట్టు, కెమెరా వంతెన, కెమెరా మలుపు. ఆ చోటు వస్తోందనగా స్పీడు ముల్లు బుద్ధిమంతుడిలా 80కి దిగుతుంది. దాటిన ఫర్లాంగులో మళ్ళీ పాత పాట! అవతలి వైపు నుంచి లారీ లైట్లు రెండుసార్లు మిణికించిందంటే ‘ముందు కాపలా ఉంది, తమ్ముడూ’ అని భాష. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య ఇంత సోదరభావం రోడ్డు మీద మరెక్కడా చూడం. సైడు ఇవ్వమంటే ఇవ్వరు గానీ, కెమెరా సంగతి మాత్రం అడగకుండానే చెప్తారు!

తుపాకీ కథ

ఇంతకీ ఈ యంత్రం చేసే పనేమిటి? పోలీసుల దగ్గరుండే స్పీడు లేజర్ గన్ కంటికి కనిపించని కాంతి తునకల్ని వరసగా బండి మీదికి వదుల్తుంది. అవి తగిలి వెనక్కి వచ్చే సమయాన్ని బట్టి బండి ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది. రెప్పపాటులో ఆ లెక్క మళ్ళీ మళ్ళీ కడితే, దూరం ఎంత తొందరగా తరుగుతోందో తెలిసిపోతుంది. అదే మీ వేగం. నెంబరు ప్లేటుతో ఫొటో, తేదీ, టైము, చోటు అన్నీ దాని మీదే పడతాయి. ‘నేను కాదు’ అనడానికి వీల్లేని స్క్రీన్‌ప్లే!

తమాషా ఏమిటంటే, స్పీడు కెమెరాలకి ఆద్యుడు వేగాన్ని ద్వేషించినవాడు కాదు. హాలండ్ దేశపు రేసు డ్రైవరు మౌస్ గాట్సొనైడ్స్. 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన మొనగాడు. మలుపుల్లో తన కారు ఎంత వేగంతో తిరుగుతోందో కొలుచుకుని, ఇంకాస్త వేగంగా తిరగడానికి ఆయన యంత్రం కనిపెట్టాడు. 1958లో దానికో కంపెనీ కూడా పెట్టాడు. స్పీడు పెంచుకోవడానికి పుట్టిన సాధనం చివరికి స్పీడు తగ్గించే పనిలో చేరింది. మన సినిమాల్లో ఇంటర్వెల్ తర్వాత మంచివాడైపోయే విలన్ లాగా!

ఇంటర్వెల్: సూర్యాపేట

హైదరాబాదు–విజయవాడ ప్రయాణానికి సూర్యాపేటే ఇంటర్వెల్. సరిగ్గా సగం దారి. టీ కొట్టు దగ్గర నలుగురు డ్రైవర్లు చేరారు. రాజకీయాలు కావు, సినిమాలు కావు, అందరి నోటా ఒకే అంకె. 1,035. తెలంగాణలో ఓవర్ స్పీడుకి వేస్తూ వచ్చిన వెయ్యి రూపాయల జరిమానా, పైన 35 చార్జీ. కార్లున్న ఇళ్ళలో ఎక్కాలు రాని పిల్లలకి కూడా ఆ అంకె వచ్చు.

ఒక ట్యాక్సీ కుర్రాడి మాట మాత్రం నన్ను పట్టేసింది.

“వెనక కూర్చున్న సారు ‘ఫ్లైటుకి టైమైపోతోంది, తొక్కవోయ్’ అంటాడు. తొక్కకపోతే రేటింగు తగ్గిస్తాడు. తొక్కితే ఓనరు ఫోనుకి చలానా వస్తుంది. నెలాఖర్న నా జీతంలో కోస్తాడు. సారు ఫ్లైటెక్కి పోతాడు. కెమెరాలో పడేది నేనొక్కణ్ణే సార్!”

కెమెరాకి వెనక సీటు కనపడదు మరి. తొందరపెట్టినవాడి పేరు ఏ చలానాలోనూ ఉండదు.

మరొకాయనది మరో బాధ. కారు కొన్నప్పటి ఫోన్ నెంబరు మారిపోయింది. మెసేజీలన్నీ ఎటో పోయాయి. తీరా కారు అమ్మబోతే చలానాల చిట్టా బయటపడింది! ఇంకొకాయన, “వేగం బోర్డు వేపకొమ్మల చాటున పెట్టి, గన్ను పట్టుకుని అవతల నిలబడితే ఎలాగండీ?” అన్నాడు.

ఈ బాధల్లో కొన్నిటికి చట్టం దగ్గర జవాబుంది. 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, యంత్రాలతో నిఘా పెట్టిన చోట హెచ్చరిక బోర్డులు కళ్ళకి కనబడేలా ఉండాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. యంత్రం సరిగ్గా పని చేస్తోందన్న ధ్రువపత్రం ఏటేటా కొత్తది తీసుకోవాలి. అంటే కెమెరా ఉన్న సంగతి దాచాలని చట్టం ఎక్కడా అనలేదు. వాహనదారుడు పట్టుబడటం కాదు, నెమ్మదించడమే దాని ఉద్దేశం. చెట్టు చాటు వ్యవహారం వల్ల నెమ్మది రాదు, కసి వస్తుంది. ఫోన్ నెంబరు సరిచేయించుకోవడం, అప్పుడప్పుడూ చలానాల పట్టీ చూసుకోవడం మాత్రం మన పని.

కసి ముదిరినవాళ్ళు నెంబరు ప్లేటు వంచుతారు, అంకె మీద స్టిక్కరు అంటిస్తారు. వెయ్యి తప్పించుకోబోయి అంతకన్నా పెద్ద కేసులో ఇరుక్కోవడం అంటే అదే.

కెమెరా లేని చోట

మళ్ళీ బయల్దేరాం. మునగాల మండలంలో ఆకుపాముల దగ్గరపడగానే బాబాయి కారు వేగం బాగా తగ్గించాడు. నేను చెట్లూ వంతెనలూ వెతికాను. ఏమీ లేవు.

“ఇక్కడ కూడా కెమెరానా బాబాయ్?”

“లేదు బాబూ. జానకిరామ్ గారు పోయింది ఇక్కడే గదా.”

కారులో కాసేపు ఎవరం మాట్లాడలేదు. 2014 డిసెంబరులో నందమూరి జానకిరామ్ కారు ఇక్కడే రాంగ్ రూటులో వచ్చిన ట్రాక్టరుకి గుద్దుకుంది. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2018 ఆగస్టు 29న, ఆయన తండ్రి హరికృష్ణ గారు ఈ జిల్లాకి పక్క జిల్లాలోనే, నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డులో పోయారు. కావలిలో అభిమాని ఇంట పెళ్ళికని తెల్లవారుజామునే తానే కారు నడుపుకుంటూ బయల్దేరారు. తండ్రి ఎన్.టి.ఆర్. ఊరూరా తిరిగిన రోజుల్లో చైతన్య రథం స్టీరింగ్ పట్టిన మనిషి ఆయన! రోడ్డు తెలియదనీ, డ్రైవింగ్ రాదనీ ఎవరూ అనలేరు.

“అటు చూడండి,” అన్నాడు బాబాయి, డివైడరు మధ్య ఖాళీ చూపిస్తూ. “పొలం ఈ పక్క, ఊరు ఆ పక్క. యూ టర్ను ఎక్కడో దూరంగా ఉంటుంది. అంత దూరం డీజిలు ఎందుకని ట్రాక్టరు ఎదురొస్తుంది. చీకట్లో వెనక లైటు కూడా ఉండదు. దాన్ని ఏ కెమెరా పడుతుంది బాబూ? అందుకే నేను కెమెరా దగ్గర ఎంత తగ్గిస్తానో, ఇలాంటి సందు దగ్గర అంతకన్నా ఎక్కువ తగ్గిస్తా.”

నాకు ఆ రోజు దొరికిన అసలు సంగతి ఇదే. స్పీడు గన్ను కొలిచేది ఒక్క వేగాన్ని. రోడ్డు మీద మన ప్రాణం తీసేవి ఇంకా చాలా ఉన్నాయి, కానీ వాటిని తప్పించుకునే వ్యవధి ఇచ్చేది కూడా ఆ వేగం తగ్గడమే. వందలో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీద పడకముందే అంత దూరం అయిపోతుంది. 80లో పోయేవాడికి బ్రేకు వేశాక ఎంత దూరం పడుతుందో, వందలో పోయేవాడికి దానికి ఒకటిన్నర రెట్లకు పైగా పడుతుంది. 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో నూటికి 71 మంది చావులకి కారణం మితిమీరిన వేగమేనని కేంద్ర ప్రభుత్వ లెక్క.

మరి సాధించేదెంత? 270 కిలోమీటర్లూ ఏకధాటిగా వందలో పోతే 80లో పోయినవాడి కంటే 40 నిమిషాలు ముందు. ఊళ్ళూ, టోల్ గేట్లూ, టీలూ తీసేస్తే ఆ నలభైలో మిగిలేది ఎంతో మీరే చెప్పండి.

ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2024లో మరో పద్ధతి మొదలైంది. రెండు చోట్ల కెమెరాలు పెట్టి, మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తారు. సగటు వేగం బయటపడుతుంది. అక్కడ కెమెరా చెట్టు దగ్గర నటన సాగదు. దారి పొడుగునా బుద్ధిగా ఉండాల్సిందే. ఆ మాట చెప్పగానే వెనక సీటు పెద్దాయన నవ్వారు.

“వెనకటికి ప్రింట్లు ఆలస్యమైతే రీలు బాక్సులు డిక్కీలో వేసుకుని రాత్రంతా ఇదే రోడ్డు మీద ప్రాణాలకి తెగించి తోలించేవాళ్ళమయ్యా. మార్నింగ్ షోకి బాక్సు అందకపోతే థియేటర్లో కుర్చీలు విరిగేవి. ఇప్పుడు సినిమా శాటిలైట్లో దిగుతోంది. తొందరపడాల్సిన బాక్సు లేదు. మనుషుల తొందర మాత్రం పోలేదు.”

జగ్గయ్యపేట, నందిగామ దాటి, గొల్లపూడి మీదుగా బెజవాడ చేరేసరికి దీపాలు పెట్టారు. ఈమధ్య సినిమా ఫంక్షన్లలో జూనియర్ ఎన్.టి.ఆర్. అభిమానుల్ని జాగ్రత్తగా ఇళ్ళకి చేరమని మరీ మరీ చెప్పడం పాఠకులు వినే ఉంటారు. ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో ఆకుపాముల చూశాక నాకు మరింత బాగా తెలిసింది.

చలానాలకి ఎప్పుడో ఒకప్పుడు తగ్గింపు వస్తుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో పాత బకాయిలకి కార్ల మీద 60 శాతం, మోటారు సైకిళ్ళ మీద 80 శాతం తగ్గించారు. జనం ఆ కబురుకి సంబరపడ్డారు కూడా. ఆకుపాముల బాకీకి అలాంటి తగ్గింపు లేదు.

హోటలు ముందు కారాపి, బాబాయి మొదట చేసిన పని ఇంటికి ఫోను. “చేరాం,” అన్నాడు. అవతలి నుంచి ఆవిడ గొంతు నాకూ వినపడింది. ఎన్ని గంటలు పట్టిందనీ అడగలేదు, ఎన్ని చలానాలు పడ్డాయనీ అడగలేదు.

“అన్నం తిన్నావా?” అంది.