చిత్రపేటికలు - వాని గుణదోషములు

పుస్తకములను గూర్చువారిని లోకము రసికులని మెచ్చుకొనును. ఇత్తడి సామానులను గూర్చువారిని నేర్పరులైన గృహిణులని మెచ్చుకొనును. పాత చలనచిత్రములను డిస్కులుగా గొని యలమరలో దాచుకొనువారిని మాత్రము “చేతిలో సెల్‌ఫోను లేదా? దానిలో సినిమాలు రావా? ఈ పెట్టెలతో మీకేమి పని?” యని పరిహసించును. మమ్ము నీ ప్రశ్న యడిగినవారు పెక్కండ్రు గలరు. దీనికి సమాధానము కొంత దీర్ఘమైనది గనుక సోదరీమణుల యెదుట నిచట విన్నవించుచున్నాము.

అంతర్జాలమున జూచు చిత్రము అద్దెయింటివంటిది. హక్కుల గడువు తీరినచో నిన్న నున్నది నేడుండదు. ఏల లేదని యడుగుటకు మనకు దావులేదు. కొని యింట నుంచుకొన్నది మనది. దానిని బిడ్డలకు జూపవచ్చును, ఇరుగుపొరుగువారి కెరువీయవచ్చును, కోడలికి వెండిగిన్నెతోపాటు అప్పగింపవచ్చును. ఇట్టి సేకరణమునకు మిక్కిలి యనుకూలమైనవి బాక్సు సెట్టులు. ఒక దర్శకుని కృతులను గాని యొక సంస్థవారి చిత్రములను గాని యొక్క పెట్టెలో నమర్చి, వానితో నొక పుస్తకమును జేర్చి యమ్ముదురు.

చిత్రము మంచిదైన జాలదా, పెట్టె గుణదోషములు విచారింపవలయునా యని సందేహము గలుగవచ్చును. మన పెద్దలు తాటియాకుల గ్రంథములకు బైనొకటి, క్రిందనొకటి కఱ్ఱపలకల నుంచి, రంధ్రమున ద్రాడు బోనిచ్చి, గుడ్డలో జుట్టి దాచెడివారు. వ్రాయసకాండ్రు గ్రంథాంతమున, నూనెనుండియు నీటినుండియు వదులుకట్టునుండియు దన్ను గాపాడుడని పుస్తకమే వేడుకొనునట్లు వ్రాయుట యాచారము. వదులుకట్టును నూనెతోను నీటితోను సమానమైన శత్రువుగా వారెంచిరి. పెట్టె యలంకారము గాదు, అది కట్టు. కావున మేము పెట్టెకు మూడు ధర్మములు విధించుకొన్నాము: లోనిదానిని రక్షించుట, నిజము చెప్పుట, క్రమము చూపుట. ఈ మూడును గలిగినపిమ్మటనే యందము.

మొదటిది రక్షణము. డిస్కు వెడల్పు 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. వెనుక మన యిండ్ల నిండిన వి.సి.డి.లో చిత్రము నంటియుండు పొర, పేరు అచ్చువేసిన వైపున, పలుచని పూతక్రింద నుండును. అందుచే బొమ్మవైపు గీత పడినచో మిక్కిలి హాని. డి.వి.డి.లో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండంటింపబడి, పొర వాని నడుమ భద్రముగా నుండును. బ్లూరే డిస్కులో నది చదువు వైపునకు 0.1 మిల్లీమీటరు దూరముననే యుండుటచే దానిపై గట్టిపూత వేయుదురు. ఎట్లయినను డిస్కునకు బరమశత్రువు రాపిడియే. నడిమి రంధ్రమును బట్టియుంచు ప్లాస్టికు గుబ్బకే డిస్కు నానుకొనియుండవలెను. దాని ముఖము దేనిని దాకరాదు.

మేమొకప్పుడొక పెట్టెను దెప్పించితిమి. పైన నల్లని పట్టువంటి గుడ్డ, దానిమీద వెండియక్షరములు. తెఱచి చూడగా లోన గట్టియట్ట పుటలు, వానికి జీలికలు, ఆ చీలికలలో డిస్కులు క్రుక్కబడియున్నవి. ఒక్కొక్కదానిని రెండువ్రేళ్ల గోళ్లతో లాగవలసివచ్చెను. లాగినప్పుడెల్ల అట్ట గీసికొనెను. రెండు డిస్కులకు జిగురంటియుండెను. పైన పటారము, లోన లొటారమనగా నిదియే. అదే మాసమున గొన్న వేఱొకదానికి సామాన్యమైన ప్లాస్టికు డబ్బా, దానిపై నొక కాగితపుతొడుగు మాత్రమే. అందలి డిస్కు పదిసారులు తీసిపెట్టినను నిర్మలముగా నున్నది. మొదటిదానిని జూచినవారందఱు ఆహా యనిరి. మా పిల్లలు చిత్రము చూడవలెనన్న రెండవదానినే తీయుదురు.

రెండవది సత్యము. పెట్టె వెనుకవైపు చిన్నయక్షరములను జదువక కొనరాదు. అక్కడ భూగోళపు గుర్తులోనున్న యంకె ప్రాంతసంఖ్య. డి.వి.డి.లలో భారతదేశమున కది 5, అమెరికాకు 1. బ్లూరేలలో మనది సి, అమెరికాది ఏ. ప్రాంతము గలియనిచో ఎంత వెలపెట్టి కొన్నను మన యంత్రము దానిని జదువక నిరాకరింపవచ్చును. తరువాత జూడవలసినది తెర కొలత. 1950కి బూర్వపు చిత్రములలో బెక్కింటికి ఎత్తు 1 అయిన వెడల్పు 1.37. నేటి టెలివిజను తెర వెడల్పు 1.78. కావున పాత చిత్రము సరిగా గనబడునప్పుడు ఇరుప్రక్కల నల్లని పట్టీలుండవలెను. పట్టీలు లేకుండ దెర నిండుటకై కొందఱు బొమ్మ పైభాగమును గ్రిందిభాగమును గోసివేయుదురు. అట్లు పోవునది దాదాపు నాలుగవవంతు! నాట్యకత్తె పాదములు, రాణి కిరీటము అందులోనే పోవును. పద్యమున నాలుగవపాదమును గోసివేసి మూడుపాదములను పెద్దయక్షరములతో నచ్చువేసినచో మనమొప్పుకొందుమా?

నిడివి, రంగు, ఉపశీర్షికలు - ఇవియు నిజముగా జెప్పవలసినవే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు రంగులద్ది 2010లో మరల విడుదల చేసిరి. రంగులు తప్పని మేమనము. కాని అది తరువాత నద్దినదని పెట్టె చెప్పవలెను. మూలమేది, వ్యాఖ్యానమేది యని తెలియనీయక కలిపి యచ్చువేసిన గ్రంథమును పండితులు మెచ్చరు.

మూడవది క్రమము. స్వీడను దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ శతజయంతి సందర్భమున 2018లో అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ 39 చిత్రములను 30 బ్లూరే డిస్కులలో నమర్చి, 248 పుటల పుస్తకముతో నొక పెట్టెను వెలువరించెను. అందు చిత్రములను దీసిన సంవత్సరముల వరుసగాక, యొక చిత్రోత్సవమునందువలె భావసంబంధమును బట్టి కూర్చిరి. ఆరంభమున 1955 నాటి హాస్యచిత్రము ‘స్మైల్స్ ఆఫ్ ఎ సమ్మర్ నైట్’. అంతమున 1982 నాటి కుటుంబకథ ‘ఫ్యానీ అండ్ అలెగ్జాండర్’. బాలకాండము మొదలు చదువవలెనని పట్టుపట్టువారి కిది నచ్చకపోవచ్చును. కాని సుందరకాండమును విడిగా బారాయణము చేయువారును గలరుగదా! ఆలోచించి చేసినదైనచో ఏ క్రమమైనను మాకు సమ్మతమే. ఎడమచేతి కందినదానిని ఎడమవైపు, కుడిచేతి కందినదానిని కుడివైపు బెట్టుట మాత్రము క్రమము గాదు.

ఈ మూడు ధర్మములు తెలిసినచో, పెట్టెలోని పుస్తకము విలువయు దెలియును. సత్యజిత్ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలి’ (1955), ‘అపరాజితో’ (1956), ‘అపూర్ సంసార్’ (1959) అను మూడుచిత్రములును అపు అను బాలుడు పెరిగి తండ్రియగు కథ. వాని మూలప్రతులు 1993లో లండనులోని యొక ప్రయోగశాలలో అగ్నికి గుఱియైనవి. కాలి, వంగి, పెళుసైన చుట్టలను బాఱవేయక ఆస్కారు అకాడమీవారి చిత్రభాండాగారమున భద్రపఱచిరి. ఇరువది సంవత్సరముల తరువాత ఇటలీలోని బొలోన్యా నగరమున నిపుణులు ఆ చుట్టలకు మరల దేమపట్టించి, పాత జిగురును గీకి, చిరిగిన యంచులకు రంధ్రములు గట్టి, చేతిపనిగా బాగుచేసిరి. మొదటిచిత్రమున నూటికి నలుబది పాళ్లు, రెండవదానిలో నూటికి అఱువదికి మించియు నిట్లు దక్కినవి. మూడవదానిని వేఱుచోట్ల నున్న ప్రతులనుండి సిద్ధపఱచిరి. 2015లో నీ మూడును ఒక్క పెట్టెలో వచ్చినవి. ఈ వృత్తాంతమెఱిగి చూచునప్పుడు, రెల్లుపొదలనడుమ దుర్గయు అపుయు రైలును జూడ బరుగెత్తు ఘట్టము మఱియొక విధముగా గనులబడును. అది మంటనుండి మరలివచ్చిన బొమ్మ.

మనకు మరలిరానివియు గలవు. భారతదేశపు దొలి శబ్దచిత్రమైన ‘ఆలం ఆరా’ (1931) గాని, తొలి తెలుగు శబ్దచిత్రమైన ‘భక్తప్రహ్లాద’ (1932) గాని నేడు చూతమన్న దొరకవు. ఆనాటి చిత్రములు పెక్కు పోయినను, హాళ్లయొద్ద అమ్మిన పాటల పుస్తకములు కొన్ని మిగిలినవి. వానిని దాచినవారెవరు? చాలవఱకు ఇండ్లలో బెట్టెల అడుగున, పెండ్లిశుభలేఖల నడుమ, నిష్కారణముగా దాచుకొన్నవారే. కాగితపుముక్కను బాఱవేయని చేయి చరిత్రకు సాక్షిని మిగిల్చినది.

ఇక మన తెలుగు డిస్కుల సంగతి. మా యలమరలో నున్నవానిలో బెక్కింటి వెనుకవైపున నాయికానాయకుల రంగుబొమ్మయు బాటల పట్టికయు దప్ప వేఱొకటి లేదు. ఛాయాగ్రాహకుని పేరు లేదు. వచ్చిన సంవత్సరము లేదు. ఏ ప్రతినుండి తీసిరో లేదు. విజయా సంస్థవారి ‘పాతాళభైరవి’ (1951), ‘పెళ్లి చేసి చూడు’ (1952), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘గుండమ్మ కథ’ (1962) - ఈ యైదింటిని ఒక్క పెట్టెలో నుంచి చూచిన నెట్లుండునని మేము తఱచు దలపోయుదుము. దర్శకులు ముగ్గురు: కె.వి. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్, కమలాకర కామేశ్వరరావు. అయిదింటికిని వెన్నెలవంటి వెలుగునిచ్చినది మార్కస్ బార్‌ట్లీ కన్ను ఒక్కటియే. ‘మిస్సమ్మ’ను ‘మాయాబజార్’ను దమిళమునను దీసిరి గనుక ఆ ప్రతులను బ్రక్కన నుంచినచో, సావిత్రి ఒకే పాత్రను రెండుభాషలలో నెట్లు నటించినదో పోల్చిచూడవచ్చును. ఆ పెట్టెకు పట్టుగుడ్డ యక్కఱలేదు. చక్కని డబ్బా, కోయని బొమ్మ, పింగళి నాగేంద్రరావు మాటలనుగుఱించి యెఱిగినవారు వ్రాసిన నూఱుపుటల పుస్తకము - ఇవి చాలును.

సోదరీమణులు తమ యింట నున్న డిస్కులను నిలువుగా నిలిపి, ఎండయు జెమ్మయు దగులనిచోట నుంచవలెను. తుడుచునప్పుడు మెత్తనిగుడ్డతో నడిమినుండి యంచునకు దిన్నగా దుడువవలెనే గాని చుట్టును దిప్పరాదు. లోపలి కాగితములను బాఱవేయరాదు. వెనుకవైపున సంవత్సరమును దర్శకుని పేరును లేనిచో, ఒక చిన్నచీటిపై మీరే వ్రాసి లోన నుంచుడు. మన యింటి డిస్కు మూలప్రతికి బదులు గాజాలదు, నిజమే. అయినను రేపు మీ మనుమరాలు పెట్టె తెఱచి, ఇది ఎవరు తీసిరి, ఎప్పుడు తీసిరి యని యడిగినప్పుడు ఆ చీటి సమాధానము చెప్పును. అమ్మినవారు చేయని పనిని గొన్నవారైనను జేయుదురుగాక.